అత్త మోకాళ్లు సరే, మీకేం కావాలి?

మాది ప్రొద్దుటూరు. నా వయసు 44. మా ఆయనకు బట్టల కొట్టు. సంక్రాంతి సెలవుల్లో వారం రోజులు శ్రీలంక పోదామంటున్నాడు. మేమిద్దరం, మా అత్త (70), ఇంటర్ చదివే కొడుకు, తొమ్మిదో తరగతి కూతురు. ఏడు రాత్రులకు ఏడు ఊర్లు రాసినాడు: నెగొంబో, సిగిరియ, ట్రింకోమలి, క్యాండీ, నువర ఎలియ, ఎల్ల, మిరిస్స. అత్తకు మోకాళ్ల నొప్పులు. పాపకు గువ్వలచెరువు ఘాట్ ఎక్కితేనే వాంతులు. ఆరేండ్ల కింద ఊటీ, కొడైకెనాల్, మున్నార్ అని ఐదు రోజులు తిప్పినాడు. ఇంటికొచ్చి నాలుగు రోజులు జ్వరంతో పడుకున్నా. ఫోటోల్లో అందరూ ఉన్నారు, నేను లేను, నా సంచులున్నాయి. ఇప్పుడు అత్త బయట తినదని రైస్ కుక్కర్, పొడులు, ఊరగాయ సర్దమంటున్నాడు. అంత తిరగలేదు అత్త అంటే, "అమ్మ శాంకరీదేవిని చూడాలంటేనే ఇదంతా పెట్టినా, ఏం చేసినా నీ మొగంలో నవ్వు రాదు" అని మా ఆడబిడ్డ ముందరే అన్నాడు. అత్త మోకాళ్ల గురించి ఎట్ల చెప్పేది ఆయనకు? నేను రాను, మీరు పోండి అంటే తప్పా? కారుకు అడ్వాన్స్ ఇచ్చినాడు, గదులు ఇంకా బుక్ చేయలేదు.
— పేరు వద్దు

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇక్కడ కుదించి వేశాం గానీ మీరు పంపినదాంట్లో అత్తగారి మోకాళ్లు నాలుగుచోట్ల ఉన్నాయి, పాప వాంతులు మూడుచోట్ల. మీకేం కావాలో మాత్రం ఎక్కడా లేదు. "నేను రాను" అన్నారు, అది వద్దనుకున్నది. కావాలనుకున్నది ఏమిటి?

ఆడబిడ్డ ముందు అన్న మాట నొప్పించేదే. దాన్ని ఇంకో రోజు, ఈ ప్రయాణంతో ముడిపెట్టకుండా అడగండి. రెండూ కలిపితే ఆయన ప్రయాణం గురించే జవాబు చెప్పి తప్పించుకుంటాడు.

ఒక సంగతి గమనించారా? మీరు అత్తగారి మోకాళ్ల మాటున మాట్లాడుతున్నారు, మీ ఆయన అత్తగారి మొక్కు మాటున మాట్లాడుతున్నాడు. ఆ పెద్దామెను ఇంతవరకు ఎవరైనా కూర్చోబెట్టి అడిగారా? అత్త మీద కోపం దుత్త మీద చూపడం మన సామెత. మీ ఇంట్లో మొగుడూ పెళ్లాల పంచాయితీకి పాపం అత్తే దుత్త అయింది.

మీ ఆయన గురించి కూడా ఒక మాట. కొట్టు మూసిన ప్రతి రోజూ వ్యాపారికి నష్టంగానే లెక్క. ఏడాదికి ఒక్క వారం షట్టర్ దించేవాడికి ఆ వారం 'కిట్టుబాటు' కావాలనిపిస్తుంది. ఎక్కువ ఊర్లు చూస్తే ఎక్కువ కిట్టినట్టు. అది మీ మీద పెత్తనమని నాకనిపించలేదు, ఆశ. కాకపోతే ఆ ఆశకు కూలి ఎవరు కడుతున్నారో ఆయన లెక్కలో రాలేదు. ఏడు రాత్రులు ఏడు గదులంటే ఐదుగురి సంచులు ఏడుసార్లు విప్పి ఏడుసార్లు కట్టాలి. మాత్రల డబ్బా ఎక్కడ, పాప టవల్ ఎక్కడ, కుక్కర్ కడిగారా లేదా. ఆ పని చేసేది మీరు. కాబట్టి మోకాళ్ల సంగతి పక్కనపెట్టి మీ నడుం సంగతి చెప్పండి. అది సాకు కాదు, దానికి ఎవరి సాక్ష్యమూ అక్కర్లేదు.

ఇక ఆయన రాసిన దారి. నేను ఒకసారి ఆ కొండల్లో తిరిగినదాన్ని కాబట్టి చెప్తున్నా. పటంలో శ్రీలంక చిన్నదే. ఉత్తరం కొస నుంచి దక్షిణం కొసకు సుమారు 430 కిలోమీటర్లు, మన కడప నుంచి హైదరాబాదు పోయినంత. ఆ లెక్క చూసే అందరూ మోసపోతారు. క్యాండీ నుంచి నువర ఎలియ 80 కిలోమీటర్లు కూడా లేదు, కారులో దాదాపు మూడు గంటలు. దారంతా గువ్వలచెరువు ఘాటే అనుకోండి, పాలకోవా అంగళ్ల బదులు టీ తోటలు. సిగిరియ నుంచి క్యాండీకి ఇంకో రెండున్నర, మూడు గంటలు. ఎల్ల నుంచి మిరిస్స దిగడానికి నాలుగు గంటల దాకా. ఇవన్నీ కలిపితే మీ పాప ఆ దేశంలో చూసేది ముందు సీటు వెనక భాగం, చేతిలో ప్లాస్టిక్ కవరు.

వాన సంగతి ఆయన చూసినట్టు లేదు. అక్కడ రెండు రుతుపవనాలు రెండు వైపులను వంతులవారీగా తడుపుతాయి. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి పడమటి, దక్షిణ తీరాలను తడుపుతుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య గాలి తూర్పు తీరానిది. ట్రింకోమలి తూర్పున ఉంది, మిరిస్స దక్షిణాన. జనవరిలో మిరిస్స ఎండగా ఉంటే ట్రింకోమలిలో ముసురు పట్టే అవకాశం ఎక్కువ. ఒకే వారంలో రెండు సముద్రాలూ రాసుకోవడం దూరానికీ సరిపడదు, వానకూ సరిపడదు.

అత్తగారిని అడగాల్సింది ఇక్కడే. అష్టాదశ శక్తిపీఠాల శ్లోకం లంకలోని శాంకరీదేవితోనే మొదలవుతుంది. శ్రీశైలం భ్రమరాంబనూ అలంపురం జోగులాంబనూ చూసినామెకు ఆ మొదటి తల్లిని చూడాలని ఉండడం చిన్న కోరిక కాదు. ఆ గుడి ట్రింకోమలిలో కోణేశ్వరం శివాలయం పక్కనే, సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొండ మీద ఉంది. మీరొక్కరే ఆమె పక్కన కూర్చొని అడగండి: "అత్తా, నువ్వు పోవాలనుకున్నది శాంకరీదేవి కోసమా, పిల్లోల్లతో నాలుగు రోజులు గడపడానికా?" మొదటిదే అంటే ప్రయాణాన్ని వేసవి సెలవులకు జరపండి, అప్పుడు తూర్పు తీరం బాగుంటుంది. క్యాండీ, ట్రింకోమలి రెండే పెట్టుకోండి. రెండోదైతే కింద రాసేది చూడండి. ఆమె జవాబు మీకు అనుకూలంగా రాకపోవచ్చు, అందుకు సిద్ధపడి అడగండి.

సంక్రాంతికే పోయేటట్టయితే ఏడు గదులు కాదు, మూడు గదులు. విమానాశ్రయం నుంచి నేరుగా క్యాండీ, మూడు రాత్రులు. బుద్ధుడి దంతం ఉన్న గుడి దళద మాళిగావ, దాని ముందున్న చెరువు, ఊరికి దగ్గర్లోనే పెరదేనియ మొక్కల తోట. ఆ తోట చదునుగా ఉంటుంది, అత్తగారు బెంచీ చూసుకొని కూర్చోవచ్చు. మధ్య రోజు మీ ఆయన, కొడుకు ఇద్దరే తెల్లారకముందే లేచి సిగిరియ పోయి రావాలి. కశ్యప రాజు అయిదో శతాబ్దంలో బండ మీద కట్టించిన కోట, దాదాపు 1,200 మెట్లు. అది మీ అత్తకు కాదు, మీకు ఇష్టం లేకపోతే మీకూ కాదు. ఆ రోజు మీరు ఏమీ చేయకుండా ఉండండి. పాప ఎటు ఉంటానంటే అటు.

తర్వాత నువర ఎలియ, రెండు రాత్రులు. దారిలో రాంబొడ హనుమంతుడి గుడి తగులుతుంది. ఊరు 1,868 మీటర్ల ఎత్తు, మన హార్స్‌లీ హిల్స్ కంటే 600 మీటర్లు పైన. జనవరి రాత్రుళ్లు స్వెట్టరు లేకుండా నేను వణికాను, మీరు తీసుకుపోండి. ఎల్లలో బస అక్కర్లేదు. రెండో రోజు ఊరికి దగ్గర్లోని నాను ఓయ స్టేషన్‌లో రైలెక్కితే దాదాపు మూడు గంటల్లో ఎల్ల. టీ తోటల మధ్య ఆ రైలు ప్రయాణం మీ పాప మర్చిపోదు, ఘాట్ కారులో తిరిగే కడుపు రైల్లో అంతగా తిరగదు. కారును ముందే ఎల్లకు పంపి తిరుగుదారిలో అందులో రండి, వంకర రోడ్డే కాబట్టి పాపకు ఆ పూట మాత్ర వేయండి. ఆ రోడ్డు మీదే నువర ఎలియ దగ్గరికి వచ్చాక సీత ఎలియ తగులుతుంది. అశోకవనం అని చెప్పుకునే చోట సీతమ్మ గుడి. అత్తగారు దండం పెట్టుకోవడానికి చుట్టుదారి పోనక్కర్లేదు.

చివరి రెండు రాత్రులు నెగొంబో. మిరిస్స అంత అందంగా ఉండదు, నిజమే చెప్పాలి. కానీ సముద్రమే, విమానాశ్రయం పక్కనే, తిరిగొచ్చే రోజు ఉరుకులు లేవు. ఓపిక ఉంటే ఉత్తరానికి గంటంబావు పోతే చిలాపం దగ్గర మున్నేశ్వరం ఉంది, రాముడు శివపూజ చేశాడని చెప్పుకునే గుడి.

రైస్ కుక్కర్ ఇంట్లో పెట్టండి. ఈ ఒక్క విషయంలో నేను మొండిగానే చెప్తున్నా. హోటల్ గదుల్లో వండనివ్వడం అరుదు, వండనిచ్చినా ఆ వారం మీకు సెలవు కాదు. క్యాండీలో, కొండ ఊర్లలో తమిళుల శాకాహార హోటళ్లలో ఇడ్లీ, దోసె, అన్నం, పప్పు దొరుకుతాయి. బియ్యప్పిండితో సేమియాలా ఒత్తి ఆవిరిలో ఉడికించే ఇడియాప్పం అత్తగారికి నచ్చవచ్చు. ఒక్క జాగ్రత్త: అక్కడి కొబ్బరి సంబల్ అనే పచ్చడిలో, చాలా కూరల్లో మాల్దీవ్ చేప అనే ఎండు చేప పొడి వేస్తారు, చూస్తే తెలియదు. ప్రతిచోటా అడిగాకే అత్తగారికి వడ్డించండి. కారం పొడి ఒక డబ్బా, నెయ్యి సీసా చాలు. ఎవరి సంచీ వాళ్లే సర్దుకోవాలి, మీ ఆయనతో సహా. అత్తగారి మాత్రలు పాపకు అప్పజెప్పండి, తొమ్మిదో తరగతి పిల్ల చేయగలదు.

మాట ఎప్పుడెత్తాలి? రాత్రి కొట్టు మూసి వచ్చి లెక్క చూసుకుంటున్నప్పుడు మాత్రం వద్దు. ఆడబిడ్డ లేనప్పుడు, పొద్దున కాఫీ వేళ. "నువ్వు రాసిన ఊర్లు బాగలేవని కాదు. నాకు మూడు పొద్దులు ఒకే మంచంలో లేయాల, సంచీ ముట్టుకోకుండా కాఫీ తాగాల. ఫోటోలో నేను కూడా ఉండాల." ఇంతే చెప్పి ఆగండి. అత్త పేరు ఎత్తకండి. నోటిదాకా వస్తుంది, అయినా ఎత్తకండి. ఆయన ఎటూ "అమ్మ కోసమే" అంటాడు. అప్పుడు ఆమెనే పిలిచి అడగమనండి, జవాబు మీకు ముందే తెలిసి ఉంటుంది.

వెళ్లకపోవడం తప్పా అన్నారు. తప్పు కాదు. కానీ ఇప్పుడే అనేస్తే అది బెదిరింపులా వినిపిస్తుంది, ఆయన ఇంకో ఊరు కలిపి పంతం పడతాడు. మీకు కావలసింది చెప్పి, ఆయన విని, అయినా ఏడు గదులే అంటే, అప్పుడు "మీరు పోయి రండి" అని ప్రశాంతంగా అనండి. ఆ వారం ఇంట్లో మీరొక్కరే ఉండడం కూడా సెలవే.

మరీ ఆలస్యం చేయకండి. ఆ రైలులో రిజర్వేషన్ సీట్లు మామూలుగా నెల ముందు తెరుస్తారు, త్వరగా అయిపోతాయి. కొండచరియలు పడితే ఆ లైను ఆపేస్తుంటారు కూడా, నడుస్తోందో లేదో కనుక్కున్నాకే టికెట్ కొనండి. అత్తగారి పాస్‌పోర్టుకు ఆరు నెలలైనా గడువు మిగిలి ఉందో లేదో ఈ రాత్రే తీసి చూడండి.