అడవికి పోయి ఏం చేయాలక్కా?

ప్రశ్న: అక్కా, మాది కల్వకుర్తి దగ్గర పల్లె. పెళ్లయి అమెరికాల న్యూజెర్సీ, ఎడిసన్ వచ్చిన. ఆయన ఆఫీసుకు పోతే పొద్దుగూకే దాకా ఇంట్ల నేనొక్కదాన్నే. ఊరికే టెన్షన్, నిద్ర సరిగ్గా పడుతలేదు. డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి బాగానే ఉన్నాయంది, వారం వారం చెట్ల మధ్య కొంతసేపు గడుపు, ఫారెస్ట్ బాతింగ్ అంటారు అని చెప్పింది. వెతికితే గైడుతో నడకకు డబ్బులు కట్టమంటున్నారు. ఇది నిజంగా పనిచేస్తదా? అమ్మకు చెప్తే "అడవిల ఒక్కదానికి ఏం పనే నీకు" అని తిట్టింది.

జవాబు: చెల్లె, ముందు డబ్బు సంగతి. ఇప్పుడే ఎవరికీ కట్టకు. చెట్టు కింద కూర్చోవడానికి గైడు అక్కర్లేదు. ఒంటరిగా పోవాలంటే భయమేసి, తోడు దొరుకుతుందని ఒకసారి గుంపుతో వెళ్తానంటే అది వేరే సంగతి.

అమ్మ తిట్టిందంటే తప్పు పట్టలేను. మన దిక్కు అడవికి పనుంటేనే పోతారు. ఎండాకాలం తునికాకు కోతకు, ఇప్పపువ్వు ఏరడానికి, కట్టెలకు, మేకల వెంట. లేదంటే చైత్ర పౌర్ణమికి నల్లమలలో సలేశ్వరం జాతరకు. అక్కడ లోయలోకి దిగేటప్పుడు "వస్తున్నం లింగమయ్యా" అని, తిరిగొచ్చేటప్పుడు "పోతున్నం లింగమయ్యా" అని గొంతు చించుకుంటూ నడుస్తాం. పనీ లేక, మొక్కూ లేక ఒక ఆడపిల్ల అడవిలో ఊరికే కూర్చుందంటే, ఇంట్లో అలిగి వచ్చిందేమో అనుకుంటారు. డాక్టరమ్మ చెప్పింది మాత్రం ఆ ఊరికే కూర్చోవడమే. మనకు కష్టమనిపించేదీ అదే.

దీన్ని మొదలుపెట్టింది జపాన్ వాళ్ళు. 1982లో అక్కడి అటవీ శాఖ షిన్రిన్ యోకు అని పేరు పెట్టి, పట్నాల్లో పనితో నలిగిపోతున్న జనాన్ని అడవులకు రమ్మంది. పరిశోధనలు తర్వాత వచ్చాయి. చింగ్ లీ అనే వైద్యుడు 2005లో 12 మంది ఉద్యోగులను మూడు రోజులు అడవుల్లో తిప్పి రక్తం పరీక్షిస్తే, ఎన్‌కే కణాలనే రోగనిరోధక కణాల చురుకుదనం దాదాపు సగం పెరిగింది. చెట్లు గాలిలోకి వదిలే ఫైటన్‌సైడ్స్ అనే వాసన పదార్థాలు దానికి ఒక కారణమని ఆయన అభిప్రాయం. వినడానికి బాగుంది కానీ, 12 మందే అని మరిచిపోకు. చీబా విశ్వవిద్యాలయంలో మియజాకి బృందం మెల్లగా నడిపించి చూస్తే, నగరంలో కంటే అడవిలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను 12 శాతం దాకా తగ్గింది. బీపీ తగ్గింది 1.4 శాతమే. అంటే 130 ఉన్నవాళ్ళకు రెండు పాయింట్లు కూడా కాదు. ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా "చెట్ల కింద తిరుగుతున్న కదా, గోలీ ఎందుకు" అంటే ఈ లెక్క చెప్పు.

వారానికి ఎంతసేపు అంటావా? ఇంగ్లండ్‌లో సుమారు 20,000 మంది వివరాలతో 2019లో వచ్చిన అధ్యయనంలో, వారానికి కనీసం 120 నిమిషాలు ఆరుబయట పచ్చదనంలో గడిపేవాళ్ళు తమ ఆరోగ్యం బాగుందని ఎక్కువగా చెప్పారు. ఒకేసారి గడిపినా, నాలుగు ముక్కలుగా గడిపినా తేడా కనపడలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే ఎక్కువ బయటికి పోతారేమో అన్న అనుమానం ఉండనే ఉంది. అయినా ఖర్చు లేని పని కాబట్టి నేను ఆ రెండు గంటల లెక్కే పెట్టుకున్నాను.

నీకు ఇంకా లైసెన్సు రాకపోతే ఊళ్ళోనే ఉన్న రూజ్‌వెల్ట్ పార్కు చాలు. ఆదివారం మీ ఆయన కారు తీస్తే వాచుంగ్ రిజర్వేషన్ అనే పెద్ద పార్కు దూరమేం కాదు, అక్కడ అసలైన అడవే ఉంటుంది. మనవాళ్ళు పది కుటుంబాలు కలిసి పులిహోర డబ్బాలు, బ్లూటూత్ స్పీకరుతో వెళ్ళే పిక్నిక్‌లో మాత్రం దీన్ని కలపకు. పిక్నిక్ మంచిదే. దానికి ఇంకో రోజు పెట్టుకో.

వెళ్ళాక మైళ్ళు లెక్కపెట్టకు, చేతి వాచీ చెప్పే అడుగులు చూడకు. ఫోన్ సైలెంట్‌లో పెట్టి సంచిలో వేసెయ్. దారి పక్కన దుంగో బండో చూసుకుని కూర్చో. మొదటి పావుగంట బుర్ర నిండా కుక్కర్, కరెంటు బిల్లు, వీసా కాగితాలే తిరుగుతాయి. తిరగనివ్వు. తర్వాత చెవి తెరుచుకుంటుంది. మొదట రోడ్డు మీద కార్ల రొద, దాని వెనక గాలి, గాలిలోనే ఓక్ ఆకులది ఒక చప్పుడు, పైన్ సూదులది ఇంకో చప్పుడు. పైన్ సూదులు కిందివి నాలుగు తీసుకుని వేళ్ళ మధ్య నలిపి వాసన చూడు. కళ్ళు మూసుకోవాలని నియమమేం లేదు. ఒక చీమ బెరడు మీద ఎక్కడిదాకా పోతుందో చూస్తూ కూర్చున్నా చాలు. మంత్రం, ముద్ర, శ్వాస లెక్కలు ఏవీ వద్దు. అవి కావాలంటే ఇంట్లోనే చేసుకోవచ్చు.

చెట్టును పట్టుకునే ముందు మాత్రం చూసి పట్టుకో. ఇక్కడ పాయిజన్ ఐవీ అని ఒక తీగ ఉంటుంది. కాడకు మూడేసి ఆకులు, చెట్టు మొద్దును పాకితే తీగ నిండా వెంట్రుకల లాంటి వేళ్ళు. చలికాలం ఆకు రాలినా ఆ తీగను ముట్టుకుంటే దద్దుర్లొచ్చి పొక్కుతుంది. మన నల్లమల నల్లజీడి, మామిడి, ఇదీ ఒకే కుటుంబం. జీడి రసం తగిలి పొక్కినవాళ్ళను చూసి ఉంటే నీకు వేరే చెప్పక్కర్లేదు. తగిలిందనిపిస్తే వెంటనే సబ్బుతో కడుక్కో.

రెండోది గోమారి. ఇక్కడ టిక్ అంటారు. న్యూజెర్సీలో జింకలెక్కువ, ఈ పురుగులూ ఎక్కువ, కొన్నిటి కాటుతో లైమ్ అనే బాక్టీరియా జబ్బు వస్తుంది. పిల్ల పురుగు గసగసాల గింజంతే ఉంటుంది, కనపడదు. పొడుగు ప్యాంటు వేసి సాక్సులోకి దోపు. గడ్డిలోకి దిగకుండా దారి మధ్యలోనే నడువు. ఇంటికి రాగానే బట్టలు డ్రయ్యర్‌లో ఎక్కువ వేడి మీద పది నిమిషాలు తిప్పి, స్నానం చేస్తూ చంకలు, మోకాళ్ళ వెనక, చెవుల వెనక, జుట్టు కుదుళ్ళు తడిమి చూసుకో. అంటుకుని ఉంటే సన్న పట్టకారుతో చర్మం దగ్గర పట్టి నిటారుగా లాగాలి. కిరోసిన్, అగ్గిపుల్ల లాంటి మన చిట్కాలు వద్దు. లైమ్ అంటాలంటే సాధారణంగా అది ఒక రోజుకు పైగా పట్టుకుని ఉండాలి, కాబట్టి అదే రోజు చూసుకుంటే భయం లేదు. నెల లోపు జ్వరం గానీ, చుట్టూ పెరిగే ఎర్రమచ్చ గానీ వస్తే డాక్టర్‌కు చూపించు.

వేట సీజన్‌లో వేటగాళ్ళకు కనపడేలా నారింజ రంగు జాకెట్ వేసుకో. ఎటు వెళ్తున్నావో మీ ఆయనకు లొకేషన్ పెట్టు. చీకటి పడకముందే బయటికి రా.

ఇంకో మాట, దాచకుండా చెప్తున్నా. రెండు మూడు వారాలైనా నిద్ర పట్టక, తిండి సయించక, ఏడుపు ఆగకపోతే చెట్లతో సరిపెట్టుకోకు. ఆ డాక్టరమ్మకే ఆ మాట చెప్పు. బతకబుద్ధి కావట్లేదనిపిస్తే, ఏ వేళైనా సరే, ఇక్కడి హెల్ప్‌లైన్ 988కు ఫోన్ చెయ్. మన భాష మనిషి కావాలని అడగొచ్చు. నలుగురిలో పరువు పోతుందని ఆగకు.

ఊరికి వెళ్ళినప్పుడు నల్లమలలోనూ ఇట్లాగే కూర్చుంటానంటావేమో. అక్కడిది అమ్రాబాద్ పెద్దపులుల అభయారణ్యం, ఇష్టమొచ్చినట్టు లోపలికి నడవనివ్వరు. ఫరహాబాద్ దగ్గర సఫారీ బండి ఎక్కాల్సిందే, వానాకాలంలో అది కూడా ఆపేస్తారు. మన్ననూరు నుంచి శ్రీశైలం రోడ్డు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసి ఉంటుంది. నీకు కావాల్సింది కదలకుండా కూర్చోవడం కాబట్టి అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరం గుడి కొండ మీద, జనం లేని పొద్దున పూట బాగుంటుంది. టికెట్ కొనేటప్పుడు ఎండాకాలం సెలవులు వదిలేసి అక్టోబరు, జనవరి మధ్య చూసుకో. ఏప్రిల్‌లో పోతే ఆకులన్నీ రాలి, నీడ కోసం వెతుక్కోవాలి.