దాల్చినచెక్క పర్ఫ్యూమా, ఊద్ పర్ఫ్యూమా? మెడ మీద దురదకు ఏది కారణం?

ప్రశ్న: నా వయసు 31. మా ఆడపడుచు దుబాయ్ నుంచి రెండు పర్ఫ్యూములు తెచ్చింది. ఒకటి దాల్చినచెక్క, లవంగాల ఘాటుతో ఉంటుంది. రెండోది ఊద్, అంబర్, వెనీలా కలిసిన వాసన. మొదటిది కొట్టుకున్న మర్నాటికల్లా మెడ పక్కన ఎర్రగా కంది దురద పెడుతోంది. రెండోది ఇంకా ఒంటి మీద వాడలేదు. అది వాడుకోవచ్చా?
- ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: దురద ఎప్పుడు మొదలైందో చెప్పి మంచి పని చేశారమ్మా. కొట్టుకోగానే చురుక్కుమని కాసేపట్లో తగ్గిపోతే అది చాలావరకు పర్ఫ్యూమ్‌లోని స్పిరిట్ వల్ల కలిగే మంట. మీలా మర్నాడో, ఆ తర్వాతి రోజో మొదలైతే మాత్రం అలర్జీని అనుమానించాలి.

దాల్చినచెక్క వాసన సిన్నమాల్ వల్ల, లవంగం వాసన యూజెనాల్ వల్ల వస్తాయి. ఈ రెండూ, యూజెనాల్‌కు దగ్గరిదైన ఐసోయూజెనాల్ కూడా చర్మ అలర్జీకి పేరుమోసినవే. ప్యాచ్ టెస్టులో (అనుమానం ఉన్న పదార్థాలను పట్టీలతో వీపుకు అంటించి చూసే అలర్జీ పరీక్ష) మేం వాడే ఫ్రాగ్రెన్స్ మిక్స్-1 అనే వాసన పదార్థాల మిశ్రమంలోని 8 పదార్థాల్లో ఈ మూడూ ఉంటాయి. కూరలో లవంగం తిన్నా ఏమీ కాని వాళ్లకు కూడా అది చర్మానికి పడకపోవచ్చు. కాబట్టి మొదటి సీసా ఇక వద్దు. బట్టల మీద కొట్టుకుంటే ఏమవుతుందిలే అనుకోకండి, చున్నీ అంచు రోజంతా ఆ మెడకే రాసుకుంటుంది. ఇలాంటి అలర్జీ ఒకసారి వచ్చిందంటే సాధారణంగా ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

అలాగని రెండోది మంచిదని ఇప్పుడే చెప్పలేను. అంబర్ వాసన కోసం తరచూ సాంబ్రాణి లాంటి బంకలు కలుపుతారు. వాటిలో కొన్నింటికి దాల్చినచెక్క పదార్థాలతో చుట్టరికం ఉంది. ముందు అట్టపెట్టె మీది పదార్థాల జాబితా చదవండి. నేను చెప్పిన మూడింట్లో ఏ ఒక్కటి కనిపించినా ముట్టుకోవద్దు. కనిపించకపోతే, మెడ పూర్తిగా మానాక, మోచేతి మడత లోపల రూపాయి బిళ్లంత చోట రోజుకు రెండుసార్లు చొప్పున వారం పాటు రాసి చూడండి. పైన కట్టు కట్టొద్దు. కాస్త ఎర్రబడినా వెంటనే ఆపేయండి.

మెడకు మెడికల్ షాపులో అడిగి ఏదో ఒక క్రీమ్ తెచ్చుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు కలగలిపిన ట్యూబులు చేతికిస్తారు. వాటిని వారాల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది. తక్కువ మోతాదు స్టెరాయిడ్ కొద్ది రోజులు సరిపోవచ్చు, అదీ డాక్టరు చూశాకే. అప్పటిదాకా వాసన లేని పెట్రోలియం జెల్లీ రాయండి. గోకకండి, మన చర్మం మీద కందిన చోట నల్లమచ్చ నెలల పాటు నిలిచిపోతుంది.

గిల్టు గొలుసు వేసుకుంటారా? అందులోని నికెల్ వల్ల కూడా మెడ ఇలాగే కందుతుంది. చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ గొలుసు, రెండు సీసాలు, మీరు వాడే సబ్బు కూడా తీసుకెళ్లండి. ప్యాచ్ టెస్టు చేస్తే వీపుకు అంటించిన పట్టీలను సాధారణంగా రెండు రోజులకు తీసి చూస్తారు, నాలుగో రోజు మళ్లీ చూస్తారు. ఆ నాలుగు రోజులూ వీపు తడవనివ్వకండి.