పస్ సెల్స్ కనిపిస్తే ఇన్ఫెక్షనేనా?

ప్రశ్న: మా ఆవిడకు 34 ఏళ్లు, వరి నాట్లకు వెళుతుంది. మూత్ర పరీక్షలో పస్ సెల్స్ (చీము కణాలు) 8-10, ఎపిథీలియల్ సెల్స్ 15-20, ప్రొటీన్ ట్రేస్, స్పెసిఫిక్ గ్రావిటీ 1.030 వచ్చాయి. మంట, జ్వరం లేవు. మందుల షాపులో యాంటీబయాటిక్ ఇచ్చారు. వాడమంటారా?
– ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: ఈ రిపోర్టు చూసి మాత్రం వాడకండి. పస్ సెల్స్ మామూలుగా 5 లోపు ఉండాలి, నిజమే. కానీ ముందు చూడాల్సింది ఎపిథీలియల్ సెల్స్. అవి అన్ని ఉన్నాయంటే బయటి చర్మం కణాలు, తెల్లబట్ట శాంపిల్‌లో కలిసినట్టే. పస్ సెల్స్ కూడా అక్కడివే కావచ్చు. గ్రావిటీ 1.030 అంటే మూత్రం బాగా చిక్కబడింది. ఎండలో పనిచేసి నీళ్లు తక్కువ తాగితే అలాగే ఉంటుంది, అందులో ప్రొటీన్ ట్రేస్‌గా కనబడటం మామూలే.

మళ్లీ చేయించండి, నెలసరి రోజుల్లో వద్దు. మామూలు నీళ్లతో కడుక్కుని, మొదటి ధార వదిలేసి, మధ్యలోది ల్యాబ్ డబ్బాలో పట్టాలి. మూత లోపలి వైపు వేలు తగలకూడదు. ఇంటి దగ్గర పట్టి బస్సులో అమలాపురం తీసుకెళ్తే ఆ వేడికి బ్యాక్టీరియా పెరుగుతుంది, కణాలు చితికిపోతాయి. ల్యాబ్‌లోనే పట్టడం మేలు.

మంట, జ్వరం, నడుం పక్క నొప్పి మొదలైతే డాక్టరుకు చూపించి, యాంటీబయాటిక్‌కు ముందే మూత్రం కల్చర్‌కు (ఏ బ్యాక్టీరియా ఉందో పెంచి చూసే పరీక్షకు) ఇవ్వండి. గర్భంతో ఉంటే ఏ బాధా లేకున్నా కల్చర్ తప్పదు. ప్రొటీన్ మళ్లీ వస్తే బీపీ, షుగర్, అల్బుమిన్-క్రియాటినిన్ రేషియో (మూత్రంలో ప్రొటీన్ ఎంత పోతోందో కొలిచే పరీక్ష) చూపించాలి.