ఆంప్లిఫయర్ స్వరం మార్చాలంటే ముందుగా ఏ ట్యూబు మార్చాలి?

మీ గిటారు ఆంప్లిఫయర్ 15 వాట్లది, అందులో సిగ్నల్‌ను మొదట పెంచే ప్రీఆంప్ ట్యూబులు (12ఏఎక్స్7 రకం) మూడు, స్పీకర్‌ను నడిపే పవర్ ట్యూబులు (ఈఎల్84 రకం) రెండు ఉన్నాయి. వాల్యూమ్ 3 దాటేసరికే ధ్వని గరుకెక్కుతోంది కనుక ట్యూబులన్నీ ఒకేసారి మార్చేయాలా అని అడిగారు. అవసరం లేదు. గిటారు సిగ్నల్ మొట్టమొదట చేరే ప్రీఆంప్ ట్యూబును, అంటే వీ1ను, ఒక్కదాన్నే మార్చి చూడండి. నేను వాయించే ఆంప్లిఫయర్ కూడా ఇదే అమరికతో ఉంది; కొన్నేళ్లపాటు రకరకాల ట్యూబులు పెట్టి తీసిన తరువాత, వెచ్చించిన డబ్బుకు తగిన మార్పు నాకు వినిపించింది ఆ ఒక్క చోటే.

దీనికి కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. 12ఏఎక్స్7 యాంప్లిఫికేషన్ ఫ్యాక్టర్, అంటే సిగ్నల్‌ను పెంచే సామర్థ్యాన్ని సూచించే సంఖ్య, 100. అదే సాకెట్‌లో, పిన్నుల అమరిక ఏమాత్రం మారకుండా, 70 ఉన్న 5751ను, 60 ఉన్న 12ఏటీ7ను, 40 పైచిలుకు ఉన్న 12ఏవై7ను, 20 లోపు ఉన్న 12ఏయూ7ను పెట్టుకోవచ్చు. మొదటి దశలో గెయిన్ (సిగ్నల్ పెరుగుదల) తగ్గితే తరువాతి దశలకు చేరే సిగ్నల్ చిన్నదవుతుంది; అందువల్ల వాల్యూమ్ నాబ్ మరికొంత తిరిగినా అవి పగిలిన ధ్వని ఇవ్వవు. నా ఆంప్లిఫయర్‌లో 12ఏవై7 పెట్టిన రోజు, అంతకుముందు వాల్యూమ్ 3 దగ్గరే చెదిరిన E మైనర్ కార్డు 5 వరకు తీగ తీగ విడివిడిగా వినిపించింది. పిక్‌తో గట్టిగా మీటినప్పుడు మాత్రమే అంచుల్లో కొద్దిగా గరుకుదనం తొంగిచూసింది. ఫెండర్ కంపెనీ వారి 1950ల నాటి ట్వీడ్ డీలక్స్ ఆంప్లిఫయర్‌లో మొదటి స్థానంలో ఉండేది ఈ 12ఏవై7నే కాబట్టి ఇదేమీ కొత్త చిట్కా కాదు. 5751తో వచ్చే తేడా అంతకంటే సున్నితం. డిస్టార్షన్‌ను, అంటే ఆ గరుకు ధ్వనిని, పూర్తిగా వదులుకోవడం ఇష్టం లేనివారికి అదే నయం. 12ఏటీ7 మాత్రం ఆ స్థానంలో నా చెవికి పొడిగా, బిగుసుకుపోయినట్లుగా తోచింది. 12ఏయూ7తో ధ్వని మరీ నీరసించింది.

ఇక ఒకే రకం ట్యూబులో తయారీదారుని మార్చడం వల్ల వచ్చే తేడా విషయంలో నాకు సందేహమే ఎక్కువ. మొదటిసారి వేరే తయారీ 12ఏఎక్స్7 పెట్టినప్పుడు పై స్వరాలు తళతళలాడాయని అందరికీ చెప్పుకున్నాను. ఆరు నెలల తరువాత, పాత తయారీదే కొత్త ట్యూబు ఒకటి దొరికితే పెట్టి చూశాను. అదే తళుకు వినిపించింది. అంటే నేను మెచ్చుకున్నది కొత్త తయారీని కాదు, అరిగిపోయిన ట్యూబు వెళ్లిపోవడాన్ని. అప్పటినుంచి నాబ్‌లు కదపకుండా, మైకు జరపకుండా ఒకే స్వరాల వరుసను మార్పుకు ముందు, తరువాత రికార్డు చేసి, మరునాడు వింటున్నాను. ట్యూబు మార్చిన తొలి పది నిమిషాల్లో ఏ చెవికైనా అద్భుతమే వినిపిస్తుంది.

మార్చేటప్పుడు ఆంప్లిఫయర్ ఆపి, ప్లగ్ తీసి, ట్యూబులు చల్లారేదాకా ఆగండి. మెటల్ కవచం ఉంటే కొద్దిగా నొక్కి తిప్పితే ఊడివస్తుంది. ట్యూబును గుడ్డతో పట్టుకుని, అతి స్వల్పంగా అటూ ఇటూ కదుపుతూ నిట్టనిలువుగా లాగాలి. మెలితిప్పితే సన్నని తొమ్మిది పిన్నుల్లో ఏదో ఒకటి వంగుతుంది. కొత్తది పెట్టి, వేడెక్కాక పెన్సిల్ వెనక వైపుతో గాజును మెల్లగా తట్టండి. స్పీకర్‌లో కాస్త టిక్కుమంటే ఫరవాలేదు, గంట మోగినట్లు ఖంగుమని సాగితే అది మైక్రోఫోనిక్ ట్యూబు, వీ1లో పనికిరాదు. స్పీకర్ తగిలించకుండా మాత్రం ఆంప్లిఫయర్‌ను ఎన్నడూ ఆన్ చేయవద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదం ఉంది.

పవర్ ట్యూబుల సంగతి వేరు. మీది కాథోడ్ బయాస్ రకమైతే, అంటే ట్యూబులో పారే కరెంటు దానంతటదే సర్దుకునేదైతే, జతకూర్చిన రెండు ఈఎల్84లను తెచ్చి పెట్టుకుంటే సాధారణంగా సరిపోతుంది. ఆ కరెంటును బయటినుంచి నిర్ణయించే ఫిక్స్‌డ్ బయాస్ అయితే దాన్ని కొలిచి సరిచేయవలసిందే. ఈ తేడా పట్టించుకోకుండా, నా దగ్గరున్న మరో పెద్ద ఆంప్లిఫయర్‌లో కొత్త 6ఎల్6 పవర్ ట్యూబుల జతను అలాగే గుచ్చి గది దీపం ఆర్పి వాయిస్తూ కూర్చున్నాను. కాసేపటికి ఒక ట్యూబులో ఫిలమెంటు నారింజ వెలుగుతో పాటు బూడిదరంగు ప్లేటు మీద కూడా ఎర్రటి మచ్చ పాకడం కనిపించింది. వెంటనే ఆపాను కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ దక్కింది, ట్యూబు దక్కలేదు. 6ఎల్6జీసీ అనే ఆ రకం ట్యూబు ప్లేటు తట్టుకోగలిగింది 30 వాట్లు. అందులో 70 శాతం దాటకూడదని వాడుకలో ఉన్న లెక్క ప్రకారం 450 వోల్టుల దగ్గర ఒక్కో ట్యూబుకు సుమారు 46 మిల్లీ ఆంపియర్లు మించకూడదు. ఆ కొలత కోసం ఛాసిస్ విప్పవలసి వస్తే, ప్లగ్ తీసిన తరువాత కూడా ఫిల్టర్ కెపాసిటర్లలో ప్రాణం తీయగల వోల్టేజీ నిలిచి ఉంటుందని గుర్తుంచుకోండి. వాటిని డిశ్చార్జ్ చేయడం తెలియకపోతే ఆ పని టెక్నీషియన్‌కే అప్పగించండి.

వీ1 నుంచి తీసిన 12ఏఎక్స్7ను పారేయకండి. ఎప్పుడైనా ఆంప్లిఫయర్ బుసకొట్టడం మొదలుపెడితే, దాన్ని ఒక్కో ప్రీఆంప్ సాకెట్‌లో మార్చి మార్చి పెట్టి చూస్తే పాడైన ట్యూబు ఏదో నిమిషాల్లో తేలిపోతుంది.