రిపోర్టులో ‘వర్మిఫామ్ అపెండిక్స్’ అని ఉంది... కడుపులో పురుగులున్నట్టా?

ప్రశ్న: నా వయసు 34. నాలుగు రోజుల క్రితం బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది. ఇప్పుడు కుడివైపు కింద ఉంటోంది. తిండి సయించడం లేదు. స్కానింగ్ రిపోర్టులో ‘వర్మిఫామ్ అపెండిక్స్, 8 మిల్లీమీటర్లు’ అని రాశారు. లాటిన్‌లో వర్మిస్ అంటే పురుగట. అందుకే నులిపురుగుల మాత్ర వేసుకున్నాను. నొప్పి మాత్ర వేసుకుంటే తగ్గి మళ్లీ వస్తోంది. పురుగుల మాత్ర ఇంకో డోసు వాడొచ్చా?

జవాబు: వద్దు. వర్మిస్ అంటే పురుగు, ఫార్మా అంటే ఆకారం, అపెండిక్స్ అంటే వేలాడుతూ అతుక్కుని ఉన్నది. పెద్దపేగు మొదట్లో వేలాడే ఈ చిన్న గొట్టం వానపాములా సన్నగా ఉంటుంది కాబట్టి ఆ పేరు. అందరి అపెండిక్సూ వర్మిఫామే. అది జబ్బు పేరు కాదు.

నన్ను కలవరపెడుతున్నది 8 మిల్లీమీటర్ల వెడల్పు. సాధారణంగా 6 దాటితే అనుమానిస్తాం. ఆ కొలత ఒక్కటే చూసి తేల్చం గానీ, బొడ్డు దగ్గర మొదలై కుడివైపుకి దిగిన నొప్పి, తిండి సయించకపోవడం కలిస్తే ముందు అపెండిసైటిస్ (అపెండిక్స్ వాపు) కాదని తేల్చుకోవాలి. స్కానింగ్ చేయించుకుని, సర్జన్‌కి చూపించకుండా నాకు ఉత్తరం రాయడమేమిటండీ? అపెండిసైటిస్‌నే చాలామంది ‘24 గంటల నొప్పి’ అంటారు. నాలుగు రోజులు గడిచాయి కదా, గండం తప్పిందనుకోకండి. వాచిన అపెండిక్స్ రెండు మూడు రోజుల్లో పగలొచ్చు, చుట్టూ చీము గడ్డ కట్టొచ్చు.

నొప్పి మాత్రల గురించి ఎన్నిసార్లు రాసినా తక్కువే. ఆసుపత్రిలో పరీక్షించి మేమూ నొప్పి మందు ఇస్తాం, అది వేరు. ఇంట్లో వేసుకుంటే నొప్పి అణుగుతుంది, లోపల వాపు పెరుగుతూనే ఉంటుంది, మీరేమో రేపు చూద్దామనుకుంటారు. ఒక్కోసారి మాత్ర లేకుండానే నొప్పి హఠాత్తుగా తగ్గుతుంది. అది పగిలిన గుర్తు కావచ్చు. కాసేపటికి జ్వరం వచ్చి, పొట్టంతా గట్టిపడుతుంది. విరేచనం అయ్యే మందు, ఎనిమా జోలికి అసలే వెళ్లకండి.

మీరు స్త్రీయో పురుషుడో రాయలేదు. స్త్రీ అయితే గర్భపరీక్ష తప్పనిసరి. గర్భసంచి బయట నిలిచిన గర్భం, అండాశయంలో తిత్తి కూడా ఇలాగే నొప్పి పెడతాయి. మూత్రనాళంలో రాయి ఎవరికైనా ఉండొచ్చు.

ఆపరేషన్ ఖాయమని చెప్పడం లేదు. పగలని కేసుల్లో కొందరికి యాంటీబయాటిక్స్‌తో తగ్గుతుంది, తర్వాత మళ్లీ రావచ్చు. ఏది మీకు సరిపోతుందో పొట్ట నొక్కి చూసిన డాక్టరే చెప్పాలి, నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను.

ఈ జవాబు అచ్చయ్యేలోపు వెళ్లి ఉంటారనే అనుకుంటున్నాను. లేకపోతే ఇప్పుడే ఎమర్జెన్సీకి వెళ్లండి. ఏమీ తినకుండా, తాగకుండా వెళ్లండి. రిపోర్టుతో పాటు వేసుకున్న మాత్రల స్ట్రిప్పులు కూడా తీసుకెళ్లండి.