పెట్రోలు అమ్మకాలు తగ్గితే రిఫైనరీ ఉద్యోగాలూ పోతాయా?

ప్రశ్న: మాది అనకాపల్లి. నేను పెట్రోల్ బంకులో మేనేజర్‌ని. మా అబ్బాయికి కెమికల్ ఇంజనీరింగ్‌లోనో పెట్రోలియం ఇంజనీరింగ్‌లోనో సీటు వచ్చేలా ఉంది. ఎలక్ట్రిక్ బండ్లు వచ్చేస్తున్నాయి, ఈ రంగం జోలికి పోవద్దని బంధువులు అంటున్నారు. మీ సలహా ఏమిటి?

జవాబు: మీ బంధువుల భయం నిరాధారమైనది కాదు గానీ, వారు పెట్రోలు అనే ఒక్క సరుకును చూసి మొత్తం రిఫైనరీ మీద తీర్పు చెబుతున్నారు. ముడిచమురును కాచి వేరుచేసినప్పుడు గ్యాసు, నాఫ్తా (పెట్రోలుకు, ప్లాస్టిక్‌కు ముడిసరుకు), కిరోసిన్, డీజిల్, అడుగున మడ్డి అన్నీ కలిసే వస్తాయి. వీటిలో ఏది ఎక్కడ అమ్ముడుపోతుందన్నది మాత్రం దేశాన్ని బట్టి, దశాబ్దాన్ని బట్టి మారిపోతూ ఉంటుంది.

కిరోసిన్ సంగతే చూడండి. రేషన్ దుకాణం ముందు డబ్బాలతో నిలబడి తెచ్చుకున్న ఆ నీలిరంగు కిరోసిన్ మీకు గుర్తుండే ఉంటుంది. 2010-11లో దేశం సుమారు 90 లక్షల టన్నుల కిరోసిన్ వాడింది. ఊళ్లకు కరెంటు, వంటిళ్లకు గ్యాస్ బండ చేరాక 2023-24 నాటికి అది 5 లక్షల టన్నులకు పడిపోయింది. అయినా ఆ కారణంగా రిఫైనరీలు మూతపడలేదు. దాదాపు అదే భాగాన్ని మరింత శుద్ధిచేస్తే విమాన ఇంధనం అవుతుంది, దాని వాడకం ఇదే కాలంలో 50 లక్షల టన్నుల నుంచి 80 లక్షలు దాటింది. మిగిలినదాన్ని డీజిల్‌లో కలుపుకున్నారు. ఇలా ఒక దారి మూసుకుపోయినప్పుడు సరుకును మరో దారికి మళ్లించడమే కెమికల్ ఇంజనీరు పని.

ఇక ప్రాంతాల తేడా. జపాన్‌లో చమురు వాడకం 1990ల చివరి నుంచే తగ్గుతోంది. స్కాట్లాండ్‌లో 1924లో మొదలైన గ్రేంజ్‌మౌత్ రిఫైనరీ 2025 ఏప్రిల్‌లో శుద్ధి ఆపేసింది. చైనాలో 2024లో అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు సగం ఛార్జింగ్ పెట్టుకునేవే, భారీ లారీలు ద్రవ సహజవాయువుకు మారుతున్నాయి. అయినా ప్లాస్టిక్, సింథటిక్ నూలు పరిశ్రమలకు కావలసిన ముడిపదార్థానికి అక్కడ గిరాకీ పెరుగుతూనే ఉంది. మన దేశానికి వస్తే, 2023 నుంచి 2030 వరకు చమురు గిరాకీలో ప్రపంచంలోనే అన్ని దేశాలకంటే ఎక్కువ పెరుగుదల, రోజుకు సుమారు 12 లక్షల బ్యారెళ్లు, ఇక్కడే ఉంటుందని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2024లో అంచనా వేసింది. విశాఖ రిఫైనరీ సామర్థ్యాన్ని ఏడాదికి 83 లక్షల టన్నుల నుంచి కోటిన్నర టన్నులకు పెంచడం ఇలాంటి గిరాకీని ఊహించే. కువైట్‌లోని అల్ జోర్, ఒమన్‌లోని దుక్మ్ రిఫైనరీలు కూడా ఇటీవల వచ్చినవే కాబట్టి గల్ఫ్ దారి ఇంకా తెరిచే ఉంది. ఐరోపా మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దనే చెబుతాను.

అయితే మీ అబ్బాయి ఉద్యోగ జీవితం 2030 దగ్గర ఆగదు, 2065 దాకా సాగుతుంది. అందుకే కెమికల్ తీసుకోమంటాను. పెట్రోలియం ఇంజనీరింగ్ అంటే ప్రధానంగా బావులు తవ్వి చమురు తీసే చదువు, రిఫైనరీ చదువు కాదు. చాలామంది తల్లిదండ్రులు ఇక్కడే పొరబడతారు. విశాఖలో 2016లో మొదలైన భారతీయ పెట్రోలియం, ఇంధన విద్యాసంస్థ (ఐఐపీఈ)లో రెండు కోర్సులూ ఉన్నాయి, ప్రవేశం జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకుతో. కెమికల్ చదివినవారికి రిఫైనరీ కాకపోతే ఎరువులు, మందులు, ఇథనాల్ పరిశ్రమలైనా ఉంటాయి.

సీటు ఖరారు చేసుకునే ముందు అబ్బాయిని ఒక ఆదివారం మీ బంకులో కూర్చోబెట్టి, గత పదేళ్ల స్టాకు రిజిస్టర్లలో పెట్రోలు, డీజిల్ అమ్మకాలను నెలవారీగా విడివిడిగా రాయించండి. స్కూటర్లు ఎక్కడ తగ్గాయో, లారీలు, ట్రాక్టర్లు ఏ నెలల్లో పెరుగుతాయో మీరు పక్కనుండి చెప్పండి. ఆ అంకెలు ఎందుకలా మారాయో తెలుసుకోవాలని తనంతట తానే అడిగితే, ఈ రంగంలోకి నిశ్చింతగా పంపండి.