నోట్లో కాదు, పొట్ట కింద పోయండి

నీరసించిన గోదురుకప్ప నోట్లో చుక్కలుగా పోసినా నీళ్లు మింగడం లేదని రాశారు. మింగదండీ, కప్పలు చర్మంతోనే తాగుతాయి. పొట్ట అడుగున, వెనక కాళ్ల మధ్య చర్మం పలచగా, రక్తనాళాలతో నిండి ఉంటుంది. ఒంట్లో నీరు తగ్గితే వాసోటోసిన్ అనే హార్మోను అక్కడి కణాల్లో ఆక్వాపోరిన్లనే నీటి దారులను పెంచుతుంది. అప్పుడు కప్ప కాళ్లు చాచి పొట్టను తడి నేలకు అదుముతుంది. చెమ్మ మట్టి నుంచి కూడా నీరు లాగుతుంది. మూత్రాశయంలో దాచుకున్న నీటినీ తిరిగి పీల్చుకుంటుంది. చేత్తో పట్టుకుంటే భయంతో ఆ నిల్వంతా వదిలేస్తుంది, కాబట్టి మాటిమాటికీ ఎత్తకండి.

లోతులేని పళ్లెంలో గడ్డం మునగనంత నీరు పోసి కూర్చోబెట్టండి. క్లోరిన్ నీరు, ఉప్పు నీరు వద్దు. ఉప్పు ఎక్కువైతే ఉన్న నీరూ బయటికి పోతుంది. కదలకపోతే పశువైద్యునికి చూపించండి.